కర్టెన్ వెనక కూర్చున్న పిల్ల పెద్దయ్యాక ఏమవుతుంది?

ప్రశ్న:

నమస్తే అండీ. పుస్తకాలు చదివే మా గ్రూపులో ఈ నెల షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్' చదివాం. వచ్చే ఆదివారం దాని మీద నేను పావుగంట మాట్లాడాలి. నా పాయింట్ ఒక్కటే. అమ్మానాన్నా లేక, మేనమామ కూడా పోయాక ఆయన భార్య ఇంట్లో ఛీత్కారాలు పడుతూ ఒంటరిగా పెరిగింది జేన్. అందుకే తనకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడైన రోచెస్టర్ కాస్త మంచిగా మాట్లాడగానే కరిగిపోయింది, భార్యని మేడ మీద దాచిపెట్టాడని తెలిసినా చివరికి అతని దగ్గరికే వెళ్ళింది. ప్రేమ ఎరగని పిల్ల ఎవరు ప్రేమ చూపినా పడిపోతుంది అని చెబుదామనుకుంటున్నా. మా ఫ్రెండ్ ఒకామె మాత్రం "ప్రతిదానికీ చిన్నతనం అంటావేంటి, కథ అలా ఉంది అంతే" అని కొట్టిపారేసింది.

నిజానికి ఇది నా గొడవ కూడా. నేనూ ఒక్కదాన్నే పెరిగాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, ఇంట్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు అంతే. బడి నుంచి వచ్చి తాళం తీసుకుని, మనుషుల మాటలు వినపడతాయని టీవీలో వార్తలు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు నాకు 31. ఎవరైనా ప్రేమగా ఉంటే నమ్మబుద్ధి కాదు. సరిగ్గా పలకరించని మా మేనేజర్ మాత్రం ఎప్పుడైనా "బాగుంది" అంటాడేమోనని రాత్రి పది దాకా ఆఫీసులో కూర్చుంటాను, అది వేరే సంగతి లెండి. చిన్నప్పటి ఒంటరితనం మనిషిని అంత గట్టిగా పట్టుకుంటుందా? నవలల్లో దాన్ని ఎలా చదవాలి?

సమాధానం:

"అది వేరే సంగతి లెండి" అన్నారు చూశారా, అసలు సంగతి అదే. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను. ఆదివారం దగ్గర పడుతోంది కాబట్టి ముందు మీ ప్రసంగం చూద్దాం.

మొదట మీ ఫ్రెండ్ మాట. "కథ అలా ఉంది అంతే" అనడానికి ఈ నవల్లో వీల్లేదు. మొదటి అధ్యాయం గుర్తు తెచ్చుకోండి. బయట చలి, వాన. పదేళ్ళ జేన్ కిటికీ దగ్గరున్న గట్టు ఎక్కి, కాళ్ళు మడుచుకుని కూర్చుని, ఎర్ర కర్టెన్ లాగేసుకుంటుంది. ఒక పక్క కర్టెన్, ఇంకో పక్క గాజు పలక, ఒళ్ళో పక్షుల బొమ్మల పుస్తకం. ఆ పుస్తకంలో తను చూసేవి కూడా మంచు సముద్రాలు, మనిషి జాడలేని తీరాలు. ఇప్పుడు పదిహేడో అధ్యాయానికి రండి. రోచెస్టర్ ఇల్లు థార్న్‌ఫీల్డ్‌లో విందు. పట్టుబట్టల్లో గొప్పింటి ఆడవాళ్ళు, నవ్వులు, దీపాలు. పద్దెనిమిదేళ్ళ జేన్ ఎక్కడుంది? మళ్ళీ కిటికీ దగ్గరే. చేతిలో మళ్ళీ పుస్తకం. కిటికీ కర్టెన్ తనని సగం దాచేస్తోందని తనే చెబుతుంది. ఎనిమిదేళ్ళు గడిచాయి, ఊరు మారింది, ఇల్లు మారింది, ఆ పిల్ల ఒదిగి కూర్చునే చోటు మారలేదు. ఒక్కటే తేడా, అప్పుడు కర్టెన్ మొత్తం మూసుకుంది, ఇప్పుడు సగమే. రచయిత్రి కావాలని పెట్టకుండా ఇలాంటివి వాటంతటవే పడవు.

షార్లెట్‌కి ఈ సంగతులు ఎవరో చెప్పాల్సిన అవసరం కూడా లేదు. 1821లో, తనకి ఐదేళ్ళప్పుడు తల్లి పోయింది. 1825లో, ఒకే బడి నుంచి జబ్బుతో ఇంటికొచ్చిన ఇద్దరు అక్కలు, మరియా, ఎలిజబెత్, కొన్ని వారాల తేడాతో పోయారు. నవల్లో జేన్ చదివిన లోవుడ్ బడి ఆ బడే, అక్కడ ఆమె స్నేహితురాలు హెలెన్ బర్న్స్ ఆ మరియానే. 1847లో కర్రర్ బెల్ అనే మారుపేరుతో ఈ నవల అచ్చయ్యేదాకా ఆమె ఆ అక్కని కడుపులో దాచుకుంది.

కాబట్టి చిన్నతనం లెక్కలోకి వస్తుంది అన్న మీ మాట సరే. కానీ మీరు దెబ్బ ఒకచోట తగిలితే మందు ఇంకోచోట రాస్తున్నారు. జేన్ ఒంటరితనం తాలూకు మచ్చ రోచెస్టర్ దగ్గర లేదు. ఎక్కడుందో చెప్పేముందు రోచెస్టర్ దగ్గర ఎందుకు లేదో చెప్పాలి.

ఆ పిల్ల దగ్గర ఒక బొమ్మ ఉండేది, గుర్తుందా? నాలుగో అధ్యాయంలో ఒక పేరా అంతే. బడిలో ఉండగా నేను చదివిన కుదించిన పుస్తకంలో ఆ పేరా లేదు, పూర్తి నవల చేతికొచ్చాక అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. రంగు వెలిసిపోయి దిష్టిబొమ్మలా ఉన్న ఆ బొమ్మని తన రాత్రి గౌనులో చుట్టుకుంటే తప్ప జేన్‌కి నిద్ర పట్టదు. మనుషులన్నాక దేన్నో ఒకదాన్ని ప్రేమించాలి కదా అంటుంది. అది వెచ్చగా, క్షేమంగా పడుకుంటే తనకీ కాస్త హాయిగా ఉండేదట, బొమ్మ కూడా హాయిగా ఉందని నమ్మేదట. ఆ చివరి ముక్క చూడండి. ఆ ఇంట్లో పదేళ్ళుగా తనకి ఎవరూ చేయని పనిని తను బొమ్మకి చేస్తోంది. "ప్రేమ ఎరగని పిల్ల" అని మీరు అనేశారు గానీ, పుచ్చుకోవడం ఎరగదు, ఇవ్వడం బాగా ఎరుగును. ఈ రెండూ ఒకటి కావు, మీ ప్రసంగంలో ఈ రెంటినీ కలిపేశారు.

అయినా మీ వాదనకి బలమైన సాక్ష్యం ఒకటుంది, మీరు వాడుకోలేదు, నేనే ఇస్తాను. ఎనిమిదో అధ్యాయంలో జేన్ హెలెన్‌తో అంటుంది: నువ్వో, మన టీచరు మిస్ టెంపులో నన్ను నిజంగా ఇష్టపడతారంటే నా చేతి ఎముక విరగ్గొట్టించుకుంటాను, ఎద్దు కొమ్ములకి ఎదురెళతాను, తన్నే గుర్రం వెనక నిలబడతాను అని. పదేళ్ళ పిల్ల! హెలెన్ వెంటనే నోరు మూయిస్తుంది, మనుషుల ప్రేమ గురించి నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావు అని. ఇదే పిల్ల పెద్దయి, ప్రాణంలా ప్రేమించిన రోచెస్టర్ తన భార్య సంగతి బయటపడ్డాక కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే ఏం చేయాలి మీ లెక్క ప్రకారం? ఉండిపోవాలి. కానీ ఏం చేసింది? తెల్లవారుజామున తలుపు తీసుకుని బయటికి నడిచింది. చేతిలో ఇరవై షిల్లింగులు, అవి బండి కిరాయికే అయిపోయాయి, బట్టల మూట బండిలోనే మరిచిపోయింది. ఆకలికి తాళలేక పందికి వేయబోతున్న చల్లారిన జావ అడిగి తింది.

వెళ్ళేముందు, ఇరవై ఏడో అధ్యాయంలో, ఆమె లోపల ఒక గొంతు అడుగుతుంది: ఈ లోకంలో నిన్ను పట్టించుకునేది ఎవరు? నువ్వు ఏం చేస్తే ఎవరికి నష్టం? అది అచ్చం ఒంటరి పిల్ల గొంతు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. దానికి జేన్ ఇచ్చుకున్న జవాబు, నన్ను నేను పట్టించుకుంటాను, ఎంత దిక్కులేనిదాన్నైతే అంత ఎక్కువగా నన్ను నేను గౌరవించుకుంటాను అని. ఏ ఒంటరితనం వల్ల ఆమె పడిపోతుందని మీరు అంటున్నారో, అదే ఒంటరితనం మీద కాలు మోపి లేచి నిలబడింది.

మధ్యలో ఏం జరిగింది మరి? ఎముక విరగ్గొట్టుకుంటానన్న పిల్లకీ ఈ మనిషికీ మధ్య? నా లెక్క ప్రకారం జరిగింది చాలా చిన్న విషయం. బడి పెత్తందారు బ్రాకిల్‌హర్స్ట్ ఆమెని స్టూలెక్కించి అందరి ముందూ అబద్ధాలకోరు అన్నాడు. మిస్ టెంపుల్ అతనితో గొడవ పడలేదు, జేన్‌ని ఊరికే ఓదార్చి వదిలేయలేదు. "నీ మాట నువ్వు చెప్పు" అంది, విన్నది, నిజమో కాదో తేల్చుకోడానికి ఆ పిల్లని చూసిన వైద్యుడు లాయిడ్‌కి ఉత్తరం రాసింది, జవాబు రాగానే బడి మొత్తాన్ని పోగేసి జేన్ మీద వేసిన నింద అబద్ధమని చెప్పింది. ఒక పెద్దమనిషి, ఒక పిల్ల మాటకి విలువిచ్చి, ఒక ఉత్తరం ముక్క రాసింది. అంతకుముందు గేట్స్‌హెడ్‌లో, అత్త ఇంట్లో, ఆ పిల్ల ఏం చెప్పినా అబద్ధమే, ఎవరూ విననే లేదు. ఒంటరితనం అంటే పక్కన మనిషి లేకపోవడం అనుకుంటాం గానీ ఆ ఇంట్లో మనుషులకేం తక్కువ? అత్త ఉంది, ముగ్గురు పిల్లలున్నారు, పనివాళ్ళున్నారు. తన మాటకి సాక్షి లేదు, అంతే. లోవుడ్‌లో సాక్షి దొరికింది.

అందరికీ దొరకదు. దొరక్కపోతే ఏమవుతుందో చూడాలంటే మీ వాదన నిజంగా పనికొచ్చే నవల ఒకటుంది, 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'. డికెన్స్ దాన్ని 1849, 50ల్లో నెలనెలా భాగాలుగా రాశాడు. సవతి తండ్రి మర్డ్‌స్టన్ డేవిడ్‌ని బడికి తోలేస్తే, సెలవులు కావడంతో అక్కడ పిల్లలెవరూ ఉండరు. ఖాళీ బడిలో వాడొక్కడూ, వీపు మీద ఒక అట్ట: 'జాగ్రత్త, కరుస్తాడు'. పిల్లలు తిరిగొచ్చాక ఆ అట్ట చదివి ఏమంటారో అని రోజూ భయపడుతూ గడుపుతాడు. అలాంటి వాడికి పెద్దపిల్లవాడు స్టీర్‌ఫోర్త్ దయగా రెండు మాటలు చెప్పి, వాడి దగ్గరున్న ఏడు షిల్లింగులూ తీసుకుని అందరికీ విందు చేస్తాడు. డబ్బులు డేవిడ్‌వి, దొర మాత్రం స్టీర్‌ఫోర్త్! డేవిడ్ జీవితాంతం కృతజ్ఞతతో చచ్చిపోతాడు. పెద్దయ్యాక అతన్ని నెత్తిన పెట్టుకుని, తనని కన్నబిడ్డలా చూసుకున్న పెగాటీ వాళ్ళింటికి తీసుకెళతాడు, అతను ఆ ఇంటి పిల్ల ఎమిలీని లేవదీసుకుపోతాడు. ఇంత జరిగాక కూడా డేవిడ్ అతన్ని పూర్తిగా అసహ్యించుకోలేడు. ఆకలి మీదున్నప్పుడు పెట్టిన చేతిని ఎవరూ పరీక్షగా చూడరు. మీరు జేన్ గురించి చెప్పాలనుకున్నదంతా డేవిడ్‌కి అతికినట్టు సరిపోతుంది.

డికెన్స్ ఇంత గట్టిగా రాయడానికి కారణం ఇప్పుడు అందరికీ తెలిసిందే, 1824లో తండ్రి అప్పులకి జైలుకెళితే పన్నెండేళ్ళ పిల్లాడు బూటు పాలిష్ తయారుచేసే చోట జాడీలకి కాగితాలు అంటించాడు, వారానికి ఆరు షిల్లింగులు. వింతేమిటంటే ఆయన దీన్ని స్నేహితుడు ఫోర్‌స్టర్‌కి తప్ప దాదాపు ఎవరికీ చెప్పలేదు, లోకానికి తెలిసింది ఆయన పోయాక, ఆ స్నేహితుడు జీవితచరిత్ర అచ్చు వేశాకే. నోటితో చెప్పుకోలేనిదాన్ని పుస్తకం తర్వాత పుస్తకంలో పెట్టాడు. 'ఎ క్రిస్మస్ కేరల్' కథలో పిసినారి స్క్రూజ్‌ని కూడా వదల్లేదు చూడండి, సెలవులకి అందరూ ఇళ్ళకి పోతే ఖాళీ బడిలో చిన్న మంట ముందు పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లాణ్ణి అతనికి చూపిస్తాడు. ముసలి స్క్రూజ్ ఆ పిల్లాణ్ణి చూసి ఏడుస్తాడు, వెంటనే ఇంకేదో గుర్తొస్తుంది: నిన్న రాత్రి నా గుమ్మం దగ్గర ఒక కుర్రాడు పాట పాడాడు, వాడికేమైనా ఇచ్చి ఉండాల్సింది. ఇంత లావు మార్పు అక్కడ, అంత చిన్న వాక్యంలో మొదలవుతుంది.

సరే, దారి తప్పుతున్నాను. "అంత గట్టిగా పట్టుకుంటుందా" అని అడిగారు కదా. దీనికి నాకు తెలిసిన అందమైన జవాబు షార్లెట్ చెల్లెలు ఎమిలీ రాసిన 'వదరింగ్ హైట్స్'లో ఉంది, అదీ 1847లోనే వచ్చింది. హీత్‌క్లిఫ్ ఎవరూ లేని పిల్లాడు, లివర్‌పూల్ వీధుల్లో ఒక పెద్దాయనకి దొరికాడు, ఆయన ఇంట్లో చచ్చిపోయిన పిల్లాడి పేరే పెట్టారు, తనకంటూ పేరు కూడా లేదు. పెద్దాయన పోగానే కొడుకు హిండ్లీ వాణ్ణి చదువు మాన్పించి పాలేరుని చేశాడు. తర్వాత రోజులు తిరగబడ్డాయి, హిండ్లీ పోయాడు, అతని కొడుకు హేర్‌టన్ హీత్‌క్లిఫ్ చేతికి చిక్కాడు. అప్పుడు హీత్‌క్లిఫ్ అంటాడు: అదే గాలి ఒంచితే ఈ చెట్టు కూడా అదే వంకరగా పెరుగుతుందో లేదో చూద్దాం. అంటే మీ సిద్ధాంతాన్ని అతను ప్రయోగం చేసి చూశాడన్నమాట. చదువు రానివ్వలేదు, మనిషిని చేయలేదు, తన చిన్నతనాన్ని ఉన్నదున్నట్టు ఆ పిల్లాడి మీద రుద్దాడు. ఫలితం? హేర్‌టన్ మొరటుగా తయారయ్యాడు, నిజమే, పేరు కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది. కానీ హీత్‌క్లిఫ్ చచ్చిపోయినప్పుడు ఆ శవం పక్కన రాత్రంతా కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది ఆ హేర్‌టనే. అదే గాలి, అదే ఇల్లు, చెట్టు వంకర పోలేదు. ఎందుకు పోలేదని ఎమిలీ ఎక్కడా వివరంగా చెప్పదు, అది నాకు భలే నచ్చుతుంది. కొంత ఆ ఇంటి పనిమనిషి నెల్లీ పసితనంలో పెంచడం వల్ల కావచ్చు, కొంత వాడి స్వభావం కావచ్చు.

కాబట్టి పట్టుకోవడం మాట నిజమే, ఎటు లాగుతుందో ముందుగా చెప్పలేం.

ఇక మీ సొంత మాట. "ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు" అని ముందే సంజాయిషీ ఇచ్చుకున్నారు, నాకంత బాధేమీ లేదు అన్నట్టు. మీరు చదవాల్సింది జేన్ కంటే ముందు 'సీక్రెట్ గార్డెన్'లో మేరీ. 1911 నాటి పిల్లల పుస్తకం కదా అని చులకన చేయకండి. మేరీని కూడా ఎవరూ కొట్టలేదు. అడిగిందల్లా పనివాళ్ళు చేసిపెట్టారు. అమ్మకి పార్టీలు, నాన్నకి ఉద్యోగం, పిల్ల ఎదురు రాకుండా చూసుకోమని ఆయాకి అప్పగించారు. కలరా వచ్చి అందరూ పోతే ఇంట్లో ఒక పిల్ల ఉందన్న సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. పదేళ్ళకి ఆ పిల్ల ఎలా తయారైందంటే మూతి ముడుచుకుని, మాటకి ముందు కసురుకుంటూ, చూసినవాళ్ళు "అబ్బ, ఏం పిల్ల" అనుకునేలా. ఒకరోజు తోటలో ఒక చిన్న పిట్ట తనని చూసి పాడుతుంది, తోటమాలి ఆ పిట్ట కూడా ఒంటరిదే అంటాడు, అప్పుడు ఈ పిల్ల నోట్లోంచి వస్తుంది: నేనూ ఒంటరిదాన్నే. తన చిరాకుకి, కసురుకి కారణాల్లో ఇదొకటని అప్పటిదాకా తనకే తెలీదు అంటుంది రచయిత్రి. దెబ్బలు తిన్న పిల్లకి తన బాధకి కారణం తెలుస్తుంది, వేలెత్తి చూపించడానికి ఒక అత్త ఉంటుంది. ఖాళీ ఇంట్లో పెరిగిన పిల్లకి చూపించడానికి ఎవరూ ఉండరు, అందుకని తప్పు తనలోనే ఉందనుకుంటుంది. వార్తలు చదివే గొంతు తోడు పెట్టుకున్న పిల్లని చూసి "బాధేమీ లేదు" అని నేనైతే అనలేను.

ఇక మచ్చ సంగతి. రోచెస్టర్ దగ్గర లేదన్నాను. అది సెయింట్ జాన్ అనే పాదిరి దగ్గర ఉంది. చాలామంది ఆ అధ్యాయాలు గబగబా తిప్పేస్తారు, ఎప్పుడు మళ్ళీ రోచెస్టర్ దగ్గరికి వెళుతుందా అని. మీ ఉత్తరంలో అతని పేరే లేదు, మీరూ తిప్పేశారేమో.

సెయింట్ జాన్ చెడ్డవాడు కాదు. వానలో పడి ఉన్న జేన్‌ని ఇంట్లోకి తీసుకున్నది అతనే. అందగాడు, చదువుకున్నవాడు, మాట తప్పనివాడు, మంచుగడ్డ. జేన్ జర్మన్ నేర్చుకుంటూ ఉంటుంది, ఇష్టంగా. ఒకరోజు వచ్చి, జర్మన్ మానేసి హిందుస్తానీ నేర్చుకో అంటాడు. ఎందుకంటే అతను మతప్రచారానికి ఇండియా వెళ్ళాలి, ఆ భాష నేర్చుకుంటున్నాడు, పక్కన ఒకరుంటే అతనికి వీలు. జేన్ జర్మన్ పుస్తకం మూసేస్తుంది. రోచెస్టర్ రత్నాలు కొనిపెడతానంటే, పట్టుబట్టలు కుట్టిస్తానంటే ఒప్పుకోకుండా పోట్లాడిన మనిషి, ఇతను ఒక్క ముక్క అంటే నోరు మెదపకుండా కొత్త భాష అక్షరాలు దిద్దుకుంటుంది. అతన్ని మెప్పించాలని రోజురోజుకీ ఎక్కువ అనిపించేది, అందుకోసం నాలో సగాన్ని చంపుకోవాలని కూడా రోజురోజుకీ ఎక్కువ తెలిసేది అని తనే చెబుతుంది. రాత్రి అతను అన్నలా పెట్టే ముద్దు తన సంకెళ్ళకి వేసిన ముద్రలా ఉండేదట. నువ్వు పని కోసం పుట్టావు, ప్రేమ కోసం కాదు అని మొహం మీదే అంటాడు, అయినా ఆ క్షణాన లేచి బయటికి వెళ్ళదు.

ఇంకో చిన్న సంగతి చూడండి. చిన్నప్పుడు మొదటిసారి బ్రాకిల్‌హర్స్ట్‌ని చూసినప్పుడు జేన్‌కి అతను ఒక నల్లని స్తంభంలా కనిపించాడు. ముప్ఫై నాలుగో అధ్యాయంలో, ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న సెయింట్ జాన్ కూడా ఆమెకి చల్లటి బరువైన స్తంభంలా కనిపిస్తాడు. పదేళ్ళ పిల్ల మెడ ఎత్తి చూసిన స్తంభమే మళ్ళీ ఎదురుగా నిలబడింది, పిల్ల కూడా మళ్ళీ పదేళ్ళదైపోయింది.

తన జబ్బు పేరు ఆమెకి తెలుసు కూడా. నాకు ఎదురు పడిన కఠినమైన మనుషుల దగ్గర పూర్తిగా లొంగిపోవడం, లేదా పూర్తిగా తిరగబడటం తప్ప మధ్యస్థం తెలీదు అంటుంది. అయితే కుక్కిన పేను, లేకపోతే తాడోపేడో. ఎలా తెలుస్తుంది చెప్పండి? గేట్స్‌హెడ్‌లో ఆమె నేర్చుకున్నవి ఆ రెండే. ఏళ్ళ తరబడి నోరు మూసుకుంది, ఒకరోజు అత్త మీద అగ్గిలా మండిపడింది. "అత్తా, నాకిది నచ్చలేదు" అని మామూలు గొంతుతో ఒక మాట అనే అవకాశం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఇష్టపడేవాళ్ళ దగ్గర ఎలా ఉండాలో లోవుడ్‌లో నేర్చుకుంది, హెలెన్ నేర్పింది, మిస్ టెంపుల్ నేర్పింది. ప్రేమ చూపని వాళ్ళ దగ్గర ఎలా ఉండాలో నేర్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. సెయింట్ జాన్ కోపాన్ని తట్టుకోగలిగాను, అతను కాస్త మెత్తబడితే మాత్రం రెల్లులా వంగిపోయాను అంటుంది. తనని పెళ్ళి చేసుకుని ఇండియా రమ్మని అతను అడిగితే నిజంగానే ఒప్పుకోబోతుంది, ఒక్క క్షణంలో తప్పించుకుంది.

అందుకే నాదొక అలవాటు, మీకూ పనికొస్తుందేమో. ఏ నవల్లోనైనా ఒంటరిగా పెరిగిన మనిషి కనిపిస్తే వాళ్ళు ఎవర్ని ప్రేమించారో నేను ముందు చూడను. ఎవరి మెప్పు కోసం కాచుక్కూర్చున్నారో చూస్తాను. మచ్చ సాధారణంగా అక్కడ ఉంటుంది.

ఇప్పుడు మీ మేనేజర్ గురించి మీరు రాసిన వాక్యం మళ్ళీ చదువుకోండి.

ఆయన ఎలాంటివాడో నాకు తెలీదు, సెయింట్ జాన్ లాగే మంచివాడే అయ్యుండచ్చు, ఊరికే ముక్తసరి మనిషి కావచ్చు. రాత్రి పది దాకా కూర్చుంటున్నది ఆయన అడిగాడనా, మీ అంతట మీరా? ఉత్తరాన్ని బట్టి రెండోదే అనిపించింది. ఈ వారం ఒక్కరోజు ఆరున్నరకి లేచి బ్యాగ్ సర్దుకుని "వెళ్తున్నానండీ, మిగతాది రేపు చూస్తాను" అని చెప్పి బయటికి రండి. అంతకు మించి చేయకండి. ఇది చదివి ఆవేశంలో పేజీన్నర మెయిల్ రాసి రాజీనామా పడేస్తారేమోనని నాకు కొంచెం టెన్షన్ కూడా ఉంది, అది కూడా జేన్ రెండు పద్ధతుల్లో రెండోదే. మామూలు గొంతుతో మామూలు మాట, అదే కష్టం. మొదటి రోజు మెట్లు దిగుతుంటే కడుపులో తిప్పినట్టుంటుంది, వెనక్కి పోయి కూర్చోవాలనిపిస్తుంది. దిగిపోండి. ప్రేమగా ఉండేవాళ్ళని నమ్మబుద్ధి కాకపోవడం సంగతి వేరే, అది నిద్ర, పని కూడా పాడుచేస్తుంటే పుస్తకాలతో సరిపెట్టుకోకుండా కౌన్సెలర్‌తో మాట్లాడండి. మీ మాట విని, నిజంగా పట్టించుకునే మనిషి కావాలి, వాళ్ళ పని అదే.

ప్రసంగానికి ఇలా చేస్తే బాగుంటుంది. రోచెస్టర్ దగ్గరికి ఎందుకు తిరిగొచ్చిందన్న భాగం పూర్తిగా తీసేయకండి, కానీ అప్పటికి ఆమె చేతిలో ఏముందో చెప్పండి. బాబాయి ఆస్తి ఇరవై వేల పౌండ్లు వచ్చింది. ఆ మాట వినగానే ఆమెకి మొహం వెలగలేదు, సెయింట్ జాన్, అతని చెల్లెళ్ళు తనకి మేనత్త పిల్లలని తెలిశాక మాత్రం చప్పట్లు కొట్టింది, డబ్బుని నలుగురికీ ఐదేసి వేలు పంచేసింది. ఒంటరి పిల్ల కనిపించాలంటే ఆ సీన్ చాలు. అప్పుడు, సొంత డబ్బుతో, సొంత మనుషులతో, నా యజమానిని నేనే అని రోచెస్టర్‌కి చెప్పి మరీ వెళ్ళింది. అతనికి అప్పటికి చూపు లేదు, ఒక చెయ్యి లేదు, భార్య చనిపోయింది. మీకు ఆ పెళ్ళి నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, నాకూ అతను మొదటి సగంలో చేసిన వేషాలు నచ్చవు, జిప్సీ ముసలమ్మ వేషం వేసుకుని ఆ పిల్ల మనసు లాగడం ఒకటి! నచ్చకపోవడానికి కారణం మాత్రం "పాపం, ప్రేమ ఎరగని పిల్ల" అని చెప్పకండి.

పావుగంటే కాబట్టి డేవిడ్, హీత్‌క్లిఫ్ వద్దు, వాళ్ళని పెడితే టైమ్ చాలదు. కిటికీ రెండుసార్లు, స్తంభం రెండుసార్లు, మధ్యలో బొమ్మ. ముప్ఫై నాలుగో అధ్యాయం శనివారం రాత్రి మళ్ళీ ఒకసారి చదవండి, జర్మన్ పుస్తకం మూసే చోట కాస్త ఆగండి. మాట్లాడాక మీ ఫ్రెండ్ ఏమందో రాయండి.